బాక్సు పోయిందనే ముందు: ఆటోమేటిక్ గేరుబాక్సు కథ

గజపతినగరం నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి ఎపిసోడు ఆటోమేటిక్ గేరుబాక్సు చరిత్ర మీద. చరిత్ర అనగానే బొబ్బిలి యుద్ధమో, విజయనగరం కోటో అనుకుని వచ్చినవాళ్లు కాస్త ఆగండి, వెళ్లిపోకండి. ఇది కూడా చరిత్రే. ఇందులో యుద్ధం ఉంది, అగ్నిప్రమాదం ఉంది, తిమింగలం కూడా ఉంది. మీ ఇంటి ముందు స్టాండేసి ఉన్న స్కూటీకీ ఇందులో వాటా ఉంది.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. పదిహేను, ఇరవై ఏళ్ల వయసున్న ఆటోమేటిక్ కారు ఒకటి షెడ్డుకి వచ్చిందనుకోండి. డి లో పెడితే రెండు సెకన్లు ఆలోచించుకుని గాని కదలదు. లేదా రెండో గేరు పడేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు దెబ్బ. లేదా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది గానీ బండి మాత్రం తన దారిన తను నిదానంగా పోతుంది. ఓనరు ఇదంతా చెప్పడం పూర్తవ్వక ముందే ఒక మాట వినిపిస్తుంది: "బాక్సు పోయింది సార్." నూనె చూడలేదు, ఛాంబర్ విప్పలేదు, మీటరు పెట్టలేదు. తీర్పు మాత్రం వచ్చేసింది. పాత కారు కాబట్టి బాక్సు ఖర్చు బండి ఖరీదుని దాటిపోతుంది. దాంతో బండి తూకానికి పోతుంది.

ఆ మాట అన్న మెకానిక్ మోసగాడని నేను అనను. చాలాసార్లు కాదు కూడా. ఆ మాట వెనక డెబ్బై, ఎనభై ఏళ్ల కథ ఉంది.

మన ఊరి మీదుగా పోయే రోడ్డు చూడండి. విజయనగరం నుంచి మన గజపతినగరం, అక్కడి నుంచి రామభద్రపురం, సాలూరు, ఆ తర్వాత ఘాట్ ఎక్కి కొరాపుట్, ఆపైన రాయపూర్. పాత నంబరు 43, ఇప్పుడు 26. సాలూరు అంటేనే లారీల ఊరు. లారీ ఓనర్లు, డ్రైవర్లు, బాడీ కట్టేవాళ్లు, కమాన్ కట్టలు విప్పేవాళ్లు, ఇంజను దింపేవాళ్లు, ఊరికి ఊరే లారీ మీద బతికింది. అలాంటి చోట పెరిగిన మెకానిక్ చెవి ఎలాంటిదో మీకు తెలుసు. టాటా లారీ రోడ్డు మీద పోతుంటే కూర్చున్న చోటు నుంచే ఏ గేరు పళ్లు అరిగాయో చెప్తాడు. వాసన చూసి క్లచ్ ప్లేటు సంగతి చెప్తాడు. ఆ విద్య తక్కువది కాదు. అయితే అది పళ్లతో పళ్లు కలిసే గేరుబాక్సు విద్య. ఆటోమేటిక్ బాక్సు ఇంకో జాతి. దాన్ని నడిపేది నూనె.

అది ఎలా పని చేస్తుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. లేకపోతే దాని జబ్బులు అర్థం కావు.

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్ వెయ్యండి. గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు నూనె, రెంటినీ కలిపి ఒక డబ్బాలో బిగిస్తే అదే టార్క్ కన్వర్టర్ మూల సూత్రం. దీన్ని మొదట తయారు చేసింది కారు కోసం కాదు. హెర్మన్ ఫ్యోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో ఓడల కోసం పేటెంటు తీసుకున్నాడు. ఇక గేర్లు. నవగ్రహ మంటపంలో లాగ నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాలు, వాటన్నిటి చుట్టూ ఒక పళ్ల చక్రం. ఇంగ్లీషు వాళ్లూ వీటికి ఆ పేర్లే పెట్టారు లెండి, సన్ గేరు, ప్లానెట్ గేర్లు అని. ఈ మూడింట్లో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని, ఇంకోదాన్ని తిప్పితే, మూడోది వేరే వేగంతో బయటికొస్తుంది. దేన్ని పట్టుకున్నాం అనేదాన్ని బట్టి గేరు మారుతుంది. పళ్లు విడిపోవడం, మళ్లీ కలవడం అనేదే ఉండదు.

మరి పట్టుకునేది ఎవరు? లోపల చిన్న చిన్న క్లచ్ ప్లేట్ల కట్టలు, బ్యాండ్లు ఉంటాయి. వాటిని నొక్కి పట్టేది నూనె ఒత్తిడి. ఆ నూనెని ఎప్పుడు ఎటు పంపాలో చూసేది వాల్వ్ బాడీ. మన చెరువు కింద ఆయకట్టు గుర్తు తెచ్చుకోండి. మదుము ఎత్తితే ఏ కాలవలోకి నీరు పోవాలో ఆ కాలవలోకే పోతుంది. వాల్వ్ బాడీ అంటే అరచేతి వెడల్పు అల్యూమినియం దిమ్మలో తవ్విన కాలవలూ, వాటికి మదుములూ. పాత బాక్సుల్లో కంప్యూటర్ లేదు. బండి వేగం పెరిగేకొద్దీ ఒక పక్క నుంచి నూనె ఒత్తిడి పెరుగుతుంది, మీరు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ రెండో పక్క నుంచి పెరుగుతుంది. ఒకే వాల్వుని ఇటొకరు, అటొకరు తోస్తున్నట్టు. ఎవరిది పైచేయి అయితే అటు జరుగుతుంది, గేరు మారుతుంది. కంప్యూటర్ చిప్ పుట్టక ముందే నూనెతో లెక్కలు కట్టించారు. నాకైతే ఇరవయ్యో శతాబ్దపు గొప్ప యంత్రాల్లో ఇదొకటి అనిపిస్తుంది. కానీ దీనికి రావలసినంత పేరు రాలేదు.

గ్రహాల గేర్లు ఫోర్డ్ మోడల్ టి కారులో 1908 నుంచే ఉన్నాయి. కాలితో పెడల్ తొక్కి మార్చాలి, అంతే తేడా. పూర్తిగా తనంతట తానే మార్చుకునే బాక్సుని కారులో పెట్టి పెద్ద ఎత్తున అమ్మింది జనరల్ మోటార్స్ కంపెనీ. పేరు హైడ్రామాటిక్. 1939 చివర్లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. అదనంగా 57 డాలర్లు కడితే చాలు. నాలుగు గేర్లు. ఆ బృందాన్ని నడిపిన ఎర్ల్ థాంప్సనే అంతకుముందు మామూలు గేరుబాక్సులో సింక్రోమెష్ తెచ్చినాయన. గేరు వేస్తుంటే వచ్చే కరకర శబ్దం తగ్గింది ఆయన పుణ్యమే.

తమాషా ఏటంటే, ఆ మొదటి బాక్సుల్లో పి అనే గుర్తే లేదు. బండి ఆపి, ఇంజను కట్టేసి, ఆర్ లో పెడితే లోపల లాక్ పడేది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఈ బాక్సుల్ని ఎం5 స్టువర్ట్ అనే తేలిక ట్యాంకుల్లో పెట్టారు. ఒక్కో ట్యాంకులో రెండు క్యాడిలాక్ ఇంజన్లు, రెండిటికీ హైడ్రామాటిక్ బాక్సులు. కొత్తగా చేరిన సైనికుడికి గేర్లు నేర్పే పని తప్పింది.

యుద్ధం ముగిశాక ఇంకో అవసరం ముందుకొచ్చింది. కాళ్లూ చేతులూ పోగొట్టుకుని వేలమంది సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు. ఎడమ కాలు లేనివాడు క్లచ్ ఎలా తొక్కుతాడు? ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు అలాంటి వాళ్లకోసం ప్రత్యేకమైన కంట్రోళ్లతో, హైడ్రామాటిక్ బాక్సుతో బళ్లు ఇచ్చారు. 1946లో అమెరికా ప్రభుత్వం అంగవికలులైన సైనికులకు కారు కొనుక్కోడానికి 1,600 డాలర్ల దాకా ఇచ్చేలా చట్టం చేసింది. ఆటోమేటిక్ అంటే డబ్బున్నవాళ్ల సుఖం అని మన దగ్గర ఒక మాట పాతుకుపోయింది. కానీ మొదటి నుంచీ కొందరికి అది సుఖం కాదు, కాలే.

1953 ఆగస్టు 12న మిషిగన్ రాష్ట్రం లివోనియాలో హైడ్రామాటిక్ తయారయ్యే ఫ్యాక్టరీ తగలబడింది. కటింగ్ పని చేస్తుంటే లేచిన నిప్పురవ్వలతో మొదలైంది. ప్రాణాలు పోయాయి, ఫ్యాక్టరీ బూడిదైంది. కొన్ని నెలలపాటు క్యాడిలాక్ లాంటి ఖరీదైన కార్లలో కూడా వేరే కంపెనీ శాఖ బాక్సుని తెచ్చి బిగించాల్సి వచ్చింది. అప్పటికే ఆ దేశం ఆటోమేటిక్‌కి ఎంత అలవాటు పడిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

తిమింగలం ఉందన్నాను కదా. ఆటోమేటిక్ నూనె చేసే పని చాలా చిత్రమైనది. గేర్లకి జారుడుగా ఉండాలి, క్లచ్ ప్లేట్లకి పట్టుగా ఉండాలి. అదే నూనె, రెండు గుణాలు. ఆ పట్టు సరిగ్గా కుదరడానికి చాలా ఏళ్లు స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికాలో తిమింగలాల రక్షణ చట్టాల వల్ల అది ఆగిపోయింది. కంపెనీలు బదులు రసాయనాల కోసం తంటాలు పడ్డాయి. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, ఆటోమేటిక్ నూనె అంటే ఏదో ఒక ఎర్రనూనె కాదు. దాని వంటకం వేరు. బండి పుస్తకంలో ఏ నంబరు రాసుందో అదే పొయ్యాలి. మన వైపు గేర్ ఆయిల్ అనగానే చెయ్యి 90 నంబరు డబ్బా మీదికి పోతుంది. లారీ గేరుబాక్సుకి అది అమృతం. ఆటోమేటిక్‌లో పోస్తే మాత్రం ఆ సన్నకాలవల్లో అది పారదు, క్లచ్‌లు పట్టవు.

ఇక రోగ నిర్ణయం దగ్గరికొద్దాం. అమెరికాలో 1950, 60ల్లో వీధి చివర షెడ్డు నడిపే మెకానిక్ కూడా ఈ బాక్సులు విప్పడం నేర్చుకున్నాడు. కారణం ఒకటే, రోజూ బళ్లు వచ్చేవి. వాళ్ల పద్ధతి డిటెక్టివ్ పద్ధతిలా ఉండేది. క్రైస్లర్ కంపెనీ 1956లో టార్క్‌ఫ్లైట్ అనే మూడు గేర్ల బాక్సు తెచ్చింది. అందులో వెనక క్లచ్ ముందుకెళ్లే గేర్లన్నింటికీ పని చేస్తుంది. ముందు క్లచ్ మూడో గేరుకి, రివర్సుకి పని చేస్తుంది. రెండో గేరుకి ఒక బ్యాండు ఉంటుంది. ఇప్పుడు ఒక బండి వచ్చింది. మొదటి గేరు బాగుంది, రెండోది బాగుంది, మూడోది జారుతోంది, రివర్సూ జారుతోంది. దొంగ ఎవరు? రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ముందు క్లచ్. విప్పకుండానే దొరికిపోయాడు. రివర్సు బాగుండి, ముందుకి ఏ గేరులోనూ కదలకపోతే వెనక క్లచ్ వైపు చూడాలి. రెండో గేరు ఒక్కటే లేకపోతే బ్యాండు వదులైందేమో, బయట నుంచి స్క్రూ బిగిస్తే సరిపోతుందేమో చూడాలి. ప్రతి బాక్సుకీ ఇలాంటి పట్టిక ఒకటుంటుంది, ఏ గేరులో ఏ క్లచ్ పని చేస్తుందో చెప్పేది. ఆ పట్టిక లేకుండా "బాక్సు పోయింది" అనడం, రక్తపరీక్ష లేకుండా మనిషి పోయాడనడం లాంటిది.

రెండో ఆయుధం ప్రెషర్ గేజి. బాక్సుకి పక్కన ఒక బోల్టు విప్పి గేజి బిగిస్తే లోపలి నూనె ఒత్తిడి తెలుస్తుంది. ఒత్తిడి అన్ని గేర్లలోనూ తక్కువైతే పంపో, ఫిల్టరో, నూనె తక్కువవడమో. ఒక్క గేరులోనే పడిపోతే ఆ గేరు దారిలో సీలు కారుతోంది. మూడోది స్టాల్ టెస్టు. బ్రేకు గట్టిగా తొక్కి, డి లో పెట్టి, పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కి ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడటం. పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువ తిరిగితే క్లచ్‌లు జారుతున్నట్టు, తక్కువ తిరిగితే ఇంజనో కన్వర్టరో బలహీనమైనట్టు. దీన్ని మీరు ఇంటి ముందు చెయ్యొద్దు. ఐదు సెకన్లు దాటితే లోపల నూనె మరిగిపోతుంది, బ్రేకు జారితే ఎదుట ఉన్నవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. తెలిసినవాళ్లు చెయ్యాల్సిన పని.

ఇదంతా అక్కడ జరుగుతుంటే మన దేశంలో అంబాసిడర్, పద్మిని. స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ. కారు బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులు, ఆటోమేటిక్ ఎవడడిగాడు? 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, అదీ చేత్తో గేరే. కార్ల తయారీకి లైసెన్సుల పట్టు సడలింది 1993లో. ఆ తర్వాతే ఎస్టీమ్‌లో, జెన్‌లో మూడు గేర్ల ఆటోమేటిక్ రకాలు, శాంట్రోలో నాలుగు గేర్లది కనిపించాయి. కొన్నవాళ్లు తక్కువ. హైదరాబాదులో కొన్ని, విశాఖలో కొన్ని. ఆ బళ్లు పాతబడి, రెండు మూడు చేతులు మారి, తక్కువ ధరకి మన దగ్గరికి వచ్చేసరికి వాటిని చూసిన మెకానిక్ మన దగ్గర లేడు, విడిభాగం లేదు, పట్టిక ఉన్న పుస్తకం అంతకన్నా లేదు. అమెరికా మెకానిక్‌కి యాభై ఏళ్ల సాధన దొరికింది, మనవాడికి యాభై బళ్లు కూడా దొరకలేదు. "బాక్సు పోయింది" అనే మాటకి నాకు కనిపించే మూలం ఇదే.

తెలివి తక్కువై కాదు అనడానికి నా దగ్గర రుజువుంది. 1984లో కైనెటిక్ హోండా స్కూటరు వచ్చింది. గేర్లు లేవు, క్లచ్ లేదు, బటన్ నొక్కితే స్టార్టు. అది కూడా ఆటోమేటిక్కే. రెండు కప్పీల మధ్య బెల్టు, వేగాన్ని బట్టి కప్పీ వెడల్పు మారుతుంది. హాలండ్‌లో డాఫ్ కంపెనీ 1958లో కార్లలో పెట్టిన బెల్టు పద్ధతికి చిన్న చెల్లెలు. మొదట్లో ఇది కూడా వింత వస్తువే. తర్వాత స్కూటీలు వచ్చాయి, యాక్టివాలు వచ్చాయి, వీధికి పది వచ్చాయి. ఇప్పుడు మన ఊళ్లో ఏ షెడ్డుకెళ్లి "అన్నయ్యా, పికప్ పోయింది, కదిలేటప్పుడు వణుకుతోంది" అనండి. "రోలర్లు అరిగుంటాయి, బెల్టు కూడా చూద్దాం" అంటాడు. విప్పుతాడు, మారుస్తాడు, పంపిస్తాడు. స్కూటరు బాక్సు పోయిందని ఎవరూ అనరు. బళ్లు వస్తే విద్య వస్తుంది. అంతే తేడా.

ఈలోగా కార్ల బాక్సులు ఇంకో మలుపు తిరిగాయి. 1980ల నుంచి నూనె లెక్కల స్థానంలో కంప్యూటర్ వచ్చింది. మదుములు ఎత్తడానికి సోలనాయిడ్లు, అంటే కరెంటుతో కదిలే చిన్న వాల్వులు. బండిలో ఏదైనా సంకేతం తేడాగా వస్తే కంప్యూటర్ బాక్సుని కాపాడ్డానికి ఒకే గేరులో, చాలా బళ్లలో మూడో గేరులో, నిలబెట్టేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు, కుంటుతూ ఇంటికి చేరమని. తెలియనివాడికి ఇది అచ్చం బాక్సు చచ్చిపోయినట్టే ఉంటుంది. మూడో గేరులో కదలాలి కాబట్టి మొదట్లో ఈడ్చుకుంటూ పోతుంది, తర్వాత గేరు మారదు.

ఇక్కడ మా వైపు జరిగిన ఒక సంగతి చెప్తాను. ఒకాయనకి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలికి పట్టు లేదు. పాత ఆటోమేటిక్ కారు ఒకటి కొనుక్కుని, దానిమీదే తిరిగి వ్యాపారం చేసుకుంటారు. మామూలు కారు ఆయన నడపలేరు. ఇలాంటి వాళ్ల బళ్లని మన మోటారు వాహనాల చట్టం పాత రోజుల్లో ఇన్వాలిడ్ క్యారేజ్ అనేది, 2019 సవరణతో అడాప్టెడ్ వెహికల్ అంటోంది. మాట మారింది, మంచిదే. ఒక వానాకాలం నీళ్లు నిలిచిన రోడ్డు మీంచి వచ్చాక ఆయన కారు పైన చెప్పినట్టు ఈడ్వడం మొదలెట్టింది. ఒకచోట బాక్సు పోయిందన్నారు, రేటు చెప్పారు. ఆ రేటుకి ఇంకో పాత కారే వస్తుంది. కారు ఇంటి దగ్గర పడుంది, వ్యాపారమూ పడుకుంది. చివరికి కరెంటు పని తెలిసిన ఒక కుర్రాడు మల్టీమీటరు పట్టుకుని కూర్చున్నాడు. ఏ గేరులో ఉందో కంప్యూటర్‌కి చెప్పే స్విచ్ బాక్సు పక్కన ఉంటుంది. దాని కనెక్టర్ లోపల పచ్చగా చిలుం. శుభ్రం చేశాడు, రెండు పిన్నులు మార్చాడు. బండి మామూలుగా గేర్లు మార్చుకుంది. ఆ బాక్సు లోపల ఒక్క నట్టు కూడా ఎవరూ విప్పలేదు.

ప్రతి కథా ఇలా ముగియదు, అది కూడా చెప్పాలి. కొన్ని బాక్సులు నిజంగానే పోతాయి. పెద్ద కంపెనీలూ దీన్లో దెబ్బతిన్నాయి. 2004 ఏప్రిల్‌లో హోండా అమెరికాలో దాదాపు 11 లక్షల బళ్లని వెనక్కి పిలిచింది. రెండో గేరుకి నూనె సరిగ్గా అందక వేడెక్కి, పన్ను విరిగి, బాక్సు బిగుసుకుపోయే ప్రమాదం ఉందని. విశేషమేటంటే, తక్కువ దూరం తిరిగిన బళ్లకి చేసిన మరమ్మతు ఒక చిన్న నూనె గొట్టం. ఆ గేరు మీద అదనంగా నూనె చల్లడానికి. ఎక్కువ తిరిగిన బళ్లలో ముందు గేరు రంగు మారిందా లేదా చూశారు, మారితేనే బాక్సు మార్చారు. అంత పెద్ద కంపెనీ కూడా ముందు చూసి, తర్వాతే తీర్పు చెప్పింది. మన వైపు నుంచి ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లే పిల్లలకి ఇది నేరుగా పనికొచ్చే ముక్క. అక్కడ మొదట కొనేది ఎక్కువగా పాత ఆటోమేటిక్కే కదా. కొనే ముందు ఆ బండి నంబరు కొట్టి, రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకోండి. అక్కడ అది ఉచితంగా తెలుస్తుంది.

ఇక మీ చేతిలో ఏముంది? పాత ఆటోమేటిక్ కొనాలన్నా, ఇంట్లో ఉన్నది తేడా చేసినా, ముందు నూనె చూడండి. డిప్ స్టిక్ ఉంటే చాలా బళ్లలో ఇంజను వేడెక్కి నడుస్తుండగా చూడాలి, హోండాల్లో ఇంజను ఆపి చూడాలి, అందుకే పుస్తకం చదవాలి. తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేయండి. ఎర్రగా ఉంటే మంచిది. గోధుమ రంగైతే పాతబడింది. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయి. గులాబీ రంగు పాలు కలిపినట్టుంటే నీళ్లు కలిశాయి, రేడియేటర్ లోపల నూనె చల్లబరిచే గొట్టం పగిలుండొచ్చు, లేదా బండి వరదలో మునిగుండొచ్చు. 2015 చెన్నై వరదల తర్వాత మునిగిన బళ్లు ఎన్నో చౌకగా చేతులు మారాయి. క్లచ్ ప్లేటు మీద అంటించిన పొర నీళ్లకి ఊడొస్తుంది, అలాంటి బండి ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

తర్వాత ఛాంబర్ విప్పిస్తే లోపల అయస్కాంతం ఉంటుంది. దానిమీద బూడిద రంగు మెత్తని పేస్టు ఉంటే భయపడకండి, అది మామూలు అరుగుదల. ముక్కలు, చువ్వలు కనబడితేనే భయపడాలి. కొన్ని పాత బాక్సులకి యాక్సిలరేటర్ నుంచి ఒక కేబుల్ వస్తుంది. అది వదులైతే గేర్లు తొందరపడి మెత్తగా మారతాయి, కొన్నిటిలో క్లచ్‌లే కాలిపోతాయి. బిగుతైతే ఆలస్యంగా, దెబ్బతో మారతాయి. కేబుల్ సరిచేయడానికి అయ్యే ఖర్చు మీ అందరికీ తెలిసిందే. ఇంజను మిస్ అవుతున్నా బాక్సు కొట్టుకుంటున్నట్టే ఉంటుంది, స్పార్క్ ప్లగ్గులు ముందు చూపించండి. ఇంజను మౌంటు రబ్బరు తెగితే డి లో పెట్టగానే వచ్చే దెబ్బకి పాపం బాక్సు మాటపడుతుంది.

కంప్యూటర్ ఉన్న బండైతే కోడ్ చదివించండి. బ్లూటూత్ స్కానర్ చిన్నది కొని ఫోనుకి కలుపుకోవచ్చు. పి 0700 అని వస్తే కంగారు పడకండి, అది రోగం పేరు కాదు. బాక్సు కంప్యూటర్‌ని అడగమని చెప్పడం మాత్రమే. పి 0750 అయితే మొదటి షిఫ్ట్ సోలనాయిడ్ వైపు వేలు చూపిస్తుంది. పి 0731 అంటే మొదటి గేరు లెక్క తప్పుతోంది, అప్పుడు నిజంగా లోపల జారుతుండొచ్చు. కొన్ని పాత బళ్లు ఫోనుతో మాట్లాడవు. వాటిలో డాష్‌బోర్డు మీద ఓవర్‌డ్రైవ్ దీపం ఎన్నిసార్లు మిణుక్కుమందో లెక్కపెట్టి కోడ్ తెలుసుకునే పద్ధతి ఉంది. ఇవన్నీ అయ్యాక కూడా జారుతుంటే, అప్పుడు బాక్సు దింపే మాట. అప్పటికే జారుతున్న బాక్సుకి కొత్త నూనె పోస్తే బాగవుతుందని ఆశ పెట్టుకోకండి. నూనె మార్చాకే బాక్సు పోయిందని చెప్పే కథల్లో చాలావాటిలో అది ముందే పోతూ ఉంది, నూనె మీద నింద పడింది.

2014 ఫిబ్రవరిలో సెలేరియోతో వచ్చిన ఏఎంటీ సంగతి వేరు. అది నిజానికి మామూలు గేరుబాక్సే, క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ ఒక యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు తల కొంచెం ముందుకి ఊగితే అది దాని స్వభావం. దాని క్లచ్ ప్లేటు మన మెకానిక్‌కి బాగా తెలిసిన వస్తువు. అందుకే ఆ బళ్లు మన ఊళ్లలో త్వరగా కలిసిపోయాయి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. పాత టార్క్ కన్వర్టర్ బాక్సున్న కారు దారిలో ఆగితే తోసి స్టార్టు చేయాలని చూడకండి. 1960ల దాకా కొన్ని అమెరికన్ బాక్సుల్లో వెనక ఇంకో పంపు ఉండేది, చక్రాలు తిరిగితే అదీ తిరిగి ఒత్తిడి పుట్టేది. ఖర్చు తగ్గించడానికి దాన్ని తీసేశారు. ఇప్పుడు పంపు తిరిగేది ఇంజనుతోనే. కాబట్టి లారీకి తాడు కట్టి సాలూరు నుంచి గజపతినగరం దాకా ఈడ్చుకొస్తే, ఇంజను ఆగి ఉన్నంతసేపూ లోపల గేర్లు నూనె లేకుండా తిరుగుతాయి. దారిలో ఆగినప్పుడు బాగానే ఉన్న బాక్సు, షెడ్డు చేరేసరికి నిజంగానే పోతుంది. తిరిగే చక్రాలు పైకెత్తి గాని, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి గాని తేవాలి. ఉంటానండి.